విశాఖ తోటలు, వాననీటి లెక్క

దక్షిణమున యారాడ కొండయు, ఉత్తరమున కైలాసగిరి మొదలు కంబాలకొండ వఱకు సాగిన గిరిపంక్తియు, పడమట సింహాచల శిఖరములును చుట్టుకొనగా తూర్పున కడలికి తెఱపి యిచ్చి నిలిచిన విశాఖపట్టణమునకు వానకొఱత యనునది నిజమునకు లేదు. సగటున ఏటికి వేయి మిల్లీమీటర్ల వాన కురియుచునే యున్నను, జ్యేష్ఠమున మొదలై కార్తికముతో దాదాపు ముగిసిపోవుటయు, కురిసిన నీరు వాలు వెంబడి గెడ్డలలో పడి పూట గడవకముందే సముద్రము చేరుటయు నిచ్చటి చిక్కు. అందుచేత ఈ నేలపై తోట వేయదలచినవాడు మొక్కకంటె ముందు నీటినడకను చూడవలసి వచ్చెను.

ఆ విద్య సింహాచలమెక్కినవారికి నేటికిని కన్నులకు కట్టును. గంగధార మొదలగు ఊటలు కొండకడుపున ఇంకిన వానను వేసవియందు సైతము విడుచుచుండగా, ఆ తేమను నమ్ముకొని వాలులమీద సంపెంగలును, పనసలును, మామిళ్లును, వాటి నీడన అనాస పొదలును పెరిగినవి. అనాస సముద్రములు దాటి వచ్చినదే. అయినను నీటికి పేచీ పెట్టక, జారుమట్టిని పట్టి నిలుపుచు కొండతో కలిసిపోయినది. పైచెట్టు ఎండను మరల్చును, క్రిందిపొద ప్రవాహవేగమును త్రుంచును, రాలిన ఆకు నేలతడిని కాచును.

మైదానపు తోటలకు నుయ్యియు ఏతమును ఆధారము. ఏతము తొక్కి తోడిన నీరు చెమటతో సంపాదించినది గనుక చెట్టుచెట్టుకు పాదుచేసి, పాదునుండి పాదునకు సన్నని కాలువ తీసి, ఎండుటాకులతో కప్పెడివారు. లేతమొక్క ప్రక్కన మట్టికుండను మెడవఱకు పూడ్చి, నీరు నింపి, మూతిమీద చిప్ప మూయుటయు కలదు. కాలిన మట్టి చెమర్చినంత నీరే వేరునకందును, ఎండ పాలగునది స్వల్పము. కంచెకు మొగలియు బలుసును, ఇసుకనేలకు తాడియు పొన్నయు కానుగయు వారి యెంపిక. తాటిచెట్లపాలెము, మర్రిపాలెము, వేపగుంట యను నేటి రద్దీపేటలు అట్టి వృక్షముల పేరులనే మోయుచున్నవి.

వాన లెక్క విషయమునకు వచ్చినచో, 1840లో గోడే వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్సులోని తమ గృహమున ఖగోళ వేధశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారి కాలమున నక్షత్రములతోపాటు వాతావరణమును అచట లెక్కకెక్కినది. వానను కొలుచుట తోటవేయుటకు తొలిమెట్టని నమ్మువాడను గనుక, ఒక తోటలోనే ఈ కృషి జరిగినదన్న సంగతి నాకు మిక్కిలి ప్రియమైనది. అయితే వాల్తేరు మిట్టలమీద దొరల బంగళాలు వెలసిన పిదప, తోట యనగా పచ్చికబయలును, క్రోటన్లును, బాటకిరుప్రక్కల విదేశపు పూలచెట్లును అను భావము పాదుకొన్నది. 1933లో ఉప్పుటేటి చిత్తడిని త్రవ్వి నౌకాశ్రయము తెఱచిరి, ఊరు పెరిగెను. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికంకితమగునాటికి, 153 కిలోమీటర్ల కాలువ ఏలేరు నీటిని ఇచటికి చేర్చుచుండెను. ఉక్కునగరమున లక్షలాది చెట్లను పెంచిన శ్రమ కొనియాడదగినదే. కాని అంత దూరము నడచివచ్చిన జలమును నగరమున ఏప్రిల్ మధ్యాహ్నము పచ్చికపై చిమ్ముట చూచినపుడెల్ల నా మనస్సు నొచ్చుకొనును. ఆ నీటిలో కొంత భాగము వేరునకు చేరకమునుపే గాలిలో కలియుచుండును.

తోట యనగా పచ్చికయు విదేశపు చెట్లును అను భావమునకు పరీక్ష 2014 అక్టోబరు 12న వచ్చెను. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగపు గాలులతో తీరము దాటిన హుద్‌హుద్ తుపాను ఒక్క పగటిలో నగరమును మోడు చేసెను. మడగాస్కరునుండి వచ్చిన తురాయిలు, ఆగ్నేయాసియానుండి వచ్చిన పచ్చతురాయిలు, ఆస్ట్రేలియా తుమ్మలు వేళ్లతో లేచి బాటలకడ్డముగా పడినవి. తప్పు చెట్టుదే యనరాదు. చుట్టును సిమెంటు బిగించి, పైపై తడుపుచు పెంచిన చెట్టునకు వేరు లోతునకు దిగు అవసరమేమి? నీరు ఎచట దొరకునో వేరు అచటనే యుండును. లోతుగా వేరూనిన వేపలు, మర్రులు కొమ్మలు పోగొట్టుకొనియు మరల చిగిర్చినవి పెక్కు కలవు.

తరువాతి నాట్లలో ఏడాకులపాలను విరివిగా నాటిరి. అది మన దేశపు చెట్టే, త్వరగా పెరుగును, నీడనిచ్చును. అయినను వీధివీధిని అదియే నిలువగా, శీతకాలారంభపు సాయంకాలములందు దాని పూలవాసన ఊపిరాడనీయదని పౌరులు మొఱపెట్టుకొనిరి. దేశీయత యొక్కటే చాలదు. అడవిలో ఒక చెట్టు ప్రక్కన వేఱొక జాతి చెట్టుండుటలోని వివేకమును గ్రహింపవలెను.

ఆ వివేకము నేర్పు అడవి ఊరి ప్రక్కనే యున్నది. పూర్వము విజయనగర మహారాజుల యధీనమున నుండి, 1970 ప్రాంతమున అటవీశాఖ చేతికి వచ్చిన కంబాలకొండ ఎండకు మాడక సంవత్సరమంతయు ఆకుతో నిలుచు శుష్క సతతహరితారణ్యము. రేలయు, నేరేడును, బలుసును, తంగేడును తమ తమ ఎత్తులలో నిలిచి వాననీటిని పంచుకొను తీరును చూచి, ఆ గింజలనే మృగశిర కార్తెలో మొలిపించి, పెరటి వాలునకడ్డముగా కట్టవేసి, డాబామీది నీటిని పాదులకు మళ్లించినచో, రెండు మూడు వేసవులు కుండనీటితో కాపాడిన పిమ్మట ఆ మొక్కలకు కుళాయితో పని యుండదు.