సోదర సంఘాల కఫ్‌లింకులు: విదేశీ స్టీలు కర్మాగారాల నుంచి టోకు కొనుగోలు

ఫ్రీమేసన్లు, ఆడ్ ఫెలోస్, నైట్స్ ఆఫ్ కొలంబస్ వంటి సభ్యత్వ సంఘాల చిహ్నాలతో తయారయ్యే కఫ్‌లింకులను సోదర సంఘాల కఫ్‌లింకులు అంటారు. చొక్కా చేతుల అంచులను మణికట్టు దగ్గర బిగించే జత గుండీలివి. రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బుల కఫ్‌లింకులను కూడా వ్యాపారులు ఈ కోవలోనే చేరుస్తారు. ఒకప్పుడు వీటిని కంసాలులు బంగారంతో, వెండితో చేసేవారు. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి, జింకు మిశ్రమాలతో కర్మాగారాలు చేస్తున్నాయి. సంఘాల శాఖలు, లాంఛన వస్తువుల దుకాణాలు, కానుకల వ్యాపారులు విదేశాల నుంచి, ముఖ్యంగా చైనా నుంచి, టోకున తెప్పించుకుంటారు. ఈ సరుకులో ధర కంటే ముందు తేల్చుకోవలసినవి రెండు: చిహ్నం సరిగ్గా ఉండటం, లోహం చెప్పినదే కావడం. మామూలు కఫ్‌లింకులో గీత తేడా వస్తే అందం తగ్గుతుంది. సంఘ చిహ్నంలో వస్తే అర్థమే మారిపోతుంది.

చరిత్ర

చొక్కా చేతులను నాడాలకు బదులు గొలుసుతో కలిపిన జత గుండీలతో బిగించే అలవాటు 17వ శతాబ్ది యూరప్‌లో మొదలైంది. 19వ శతాబ్దిలో గంజి పెట్టిన గట్టి మణికట్టు పట్టీలు వాడుకలోకి వచ్చాయి. యంత్రాల మీద తయారీ చౌక కావడంతో కఫ్‌లింకులు మధ్యతరగతికీ అందాయి.

సోదర సంఘాలు విస్తరించిన కాలమూ దాదాపు అదే. ఫ్రీమేసన్ల తొలి గ్రాండ్ లాడ్జి అంతకు ముందే, 1717 జూన్ 24న లండన్‌లో ఏర్పడింది. అమెరికాలో నైట్స్ ఆఫ్ పిథియస్ 1864లో, ఎల్క్స్ 1868లో, నైట్స్ ఆఫ్ కొలంబస్ 1882లో పుట్టాయి. 1905లో షికాగోలో రోటరీ, 1917లో లయన్స్ వచ్చాయి. ఈ సంఘాల బ్యాడ్జీలు, పతకాలు, గుండీల తయారీతో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగల వాడ, అమెరికాలో ఆటిల్‌బరో, ప్రావిడెన్స్ పట్టణాలు పేరు తెచ్చుకున్నాయి. కాలేజీ సోదర సంఘాల నగలకు పేరొందిన బాల్‌ఫోర్ కంపెనీ 1913లో ఆటిల్‌బరోలోనే మొదలైంది. అదే ఏడాది షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాల అరుగుదలను పరిశీలిస్తూ సుమారు 12.8 శాతం క్రోమియం ఉన్న, తుప్పు పట్టని ఉక్కును తయారుచేశాడు. చౌక నగలకు ఆ ఉక్కు విరివిగా వాడటం చాలా కాలం తర్వాత, తయారీ ఆసియాకు తరలాక ఊపందుకుంది.

చిహ్నాలు, వాటిపై హక్కులు

ఫ్రీమేసన్ల ప్రధాన చిహ్నం ఒకదానిపై ఒకటి అమరిన మూలమట్టం, వృత్తలేఖిని. ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో మధ్యలో ‘జి’ అక్షరం కూడా కనిపిస్తుంది. వృత్తలేఖిని మొనల అమరికను బట్టి సభ్యుడి మెట్టు తెలుస్తుంది. రెండు మొనలూ మూలమట్టం కింద ఉంటే మొదటి మెట్టు, ఒక మొన పైకి వస్తే రెండోది, రెండూ పైన ఉంటే మూడోదైన మాస్టర్ మేసన్ మెట్టు. చిత్రకారుడు పొరపాటున ఒక మొనను కిందికి గీస్తే మాస్టర్ మేసన్ల కోసం తెప్పించిన సరుకు మొత్తం వృథా అవుతుంది.

ఆడ్ ఫెలోస్ చిహ్నంలోని మూడు గొలుసు కడియాలు స్నేహం, ప్రేమ, సత్యాలకు గుర్తు. రోటరీ చక్రానికి 24 పళ్లు, 6 ఆకులు, నడిమి రంధ్రంలో ఇరుసుకు బిగించే గాడి ఉండాలి. లయన్స్ చిహ్నంలో ‘ఎల్’ అక్షరానికి ఇరువైపులా రెండు సింహాల ముఖాలు ఒకటి గతం వైపు, ఒకటి భవిష్యత్తు వైపు చూస్తాయి. అచ్చు తీయకముందే ఇలాంటి వివరాలను సంఘ సభ్యుడు ఒకరు లెక్కపెట్టి చూడాలి. కర్మాగారంలో పనిచేసేవారికి వాటి అర్థం తెలియాలని ఆశించడం న్యాయం కాదు.

హక్కుల విషయంలో అన్ని సంఘాలూ ఒకటి కావు. రోటరీ, లయన్స్ చిహ్నాలు నమోదైన ట్రేడ్‌మార్కులు. వాటితో సరుకు చేసి అమ్మడానికి ఆయా సంస్థల లైసెన్సు తప్పనిసరి. అమెరికా కాలేజీ సోదర సంఘాలలో చాలావరకు ఇదే పద్ధతి. మూలమట్టం, వృత్తలేఖిని సంగతి వేరు. వాటిని సొంత వ్యాపార గుర్తుగా నమోదు చేయమని 1870ల్లో వచ్చిన కోరికను అమెరికా పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. ఆ చిహ్నం అప్పటికే ఒక సంఘానికి గుర్తుగా లోకానికి తెలిసిందన్నది కారణం. అయినా ఒక గ్రాండ్ లాడ్జి ప్రత్యేక ముద్రను వాడాలంటే దాని అనుమతి తీసుకోవాలి. లైసెన్సు పత్రం లేనిదే అచ్చు తీయని కర్మాగారం కొనుగోలుదారుకూ మేలు చేస్తుంది. అనుమతి లేని గుర్తులున్న సరుకును కస్టమ్స్ అధికారులు ఆపే అవకాశం ఉంది.

లోహం

ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే దాని ఉపరితలంపై క్రోమియం ఆక్సైడ్ పలుచని పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. గీత పడినా ఆ పొర గాలి తగిలి తిరిగి ఏర్పడుతుంది. కఫ్‌లింకులకు ఎక్కువగా వాడేది 304 రకం. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316ఎల్ రకంలో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, కార్బన్ 0.03 శాతానికి మించదు. చెమటలోని ఉప్పును తట్టుకోవడంలో 316ఎల్ మెరుగు. సముద్ర తీర నగరాల కొనుగోలుదారులు దీన్నే అడగడం మంచిది.

మోసం ఎక్కువగా 201 రకంతో జరుగుతుంది. అందులో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. కొత్తగా ఉన్నప్పుడు కంటికి తేడా తెలియదు. అయస్కాంతంతో పరీక్షించినా తేలదు. 201, 304 రెండూ మామూలు స్థితిలో అయస్కాంతానికి అంటుకోవు. పైగా అచ్చులో గట్టిగా నొక్కినప్పుడు అసలైన 304 కూడా కొద్దిగా అంటుకోవచ్చు. లోహాన్ని తేల్చేది ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం. చేతిలో పట్టుకునే పరిమాణంలో దొరికే ఈ పరికరం సరుకు పాడుకాకుండానే నికెల్, మాంగనీసు, మాలిబ్డినం పాళ్లు చూపిస్తుంది. కొనుగోలు ఆర్డరులో ‘స్టీలు’ అని మాత్రమే రాస్తే ఏ రకం వచ్చినా అడిగే హక్కు ఉండదు. రకం సంఖ్యను రాయాలి. ముఖభాగానికే కాక కాడకు, తిరిగే పిడికి, స్ప్రింగుకు కూడా ఏ లోహమో విడిగా రాయాలి. తుప్పు తరచు అక్కడే మొదలవుతుంది.

తయారీ

జింకు మిశ్రమం సుమారు 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది కాబట్టి ఉక్కు అచ్చుల్లో పోసి లోతైన బొమ్మలు చౌకగా తీయవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు 1400 డిగ్రీలు కావాలి. అందుకే దాన్ని రేకుగా ప్రెస్సులో నొక్కుతారు, లేజర్‌తో కోస్తారు, లేదా మైనపు నమూనా చుట్టూ మట్టి కట్టి పోత పోస్తారు. చదునైన ముఖంపై సన్నని గీతలకు ఫైబర్ లేజర్ చెక్కడం సరిపోతుంది. ఎత్తుపల్లాలున్న చిహ్నానికి పోత పద్ధతే నయం.

నీలం, ఎరుపు రంగులు ఎనామిల్‌తో వస్తాయి. వ్యాపారంలో ‘హార్డ్ ఎనామిల్’ పేరుతో అమ్మేది చాలావరకు కాల్చిన గాజు కాదు, వేడిచేసి గట్టిపరిచి అరగదీసిన రెసిన్. బంగారు రంగుకు పీవీడీ పద్ధతిలో టైటానియం నైట్రైడ్ పూత పూస్తారు. శూన్య గదిలో ఆవిరిగా అంటుకునే ఈ పూత మామూలు బంగారు మలాము కంటే గట్టిది. వెనుక కాడను జిగురుతో అంటించిన సరుకు వాడకంలో ఊడుతుంది. లేజర్ వెల్డింగు అడగాలి.

సరఫరాదారులు, బేరం

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షెన్‌జెన్, డాంగ్‌గ్వాన్, ఝాంగ్‌షాన్ నగరాల్లో స్టీలు నగలు, ఎనామిల్ బ్యాడ్జీల కర్మాగారాలు ఉన్నాయి. ఝెజియాంగ్‌లోని యీవూ టోకు బజారులో ఎక్కువగా తయారు సరుకు దొరుకుతుంది. గ్వాంగ్‌జౌలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్ ఏటా వసంతంలో, శరత్తులో కొనుగోలుదారులనూ తయారీదారులనూ ఒకచోట చేరుస్తుంది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ లాడ్జి ఏప్రన్లకు, జరీ బ్యాడ్జీలకు పేరుపొందింది. అయితే 2025 మేలో భారత్ పాకిస్తాన్ నుంచి దిగుమతులను నిషేధించింది.

సొంత కర్మాగారం ఉన్నవారెవరో, దళారీ ఎవరో తెలుసుకోవడానికి వ్యాపార లైసెన్సు ప్రతిని, ప్రెస్సులు నడుస్తున్న వీడియోను అడగవచ్చు. ధర అచ్చు ఖర్చు, జత ధర, పెట్టె ధర అని మూడుగా విడిపోతుంది. అచ్చుకు డబ్బు చెల్లించినవారిదే అచ్చు అని ఒప్పందంలో ఉండాలి. లేకుంటే అదే చిహ్నం మరో కొనుగోలుదారుకు వెళ్తుంది. సాధారణంగా 30 శాతం బయానాగా, మిగతా 70 శాతం సరుకు ఎక్కించే ముందు చెల్లిస్తారు. ఆ మిగతా సొమ్ము తనిఖీ తర్వాతే వెళ్లాలన్న షరతు కొనుగోలుదారుకు గట్టి రక్షణ. రవాణాలో ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో ఇన్‌కోటర్మ్స్ 2020 నిర్వచిస్తుంది. ఎఫ్ఓబీ ధరలో సరుకు ఓడ ఎక్కేవరకే అమ్మకందారు బాధ్యత, సీఐఎఫ్‌లో గమ్యం రేవు వరకు ఓడ కిరాయి, బీమా కూడా అతనివే. చైనా కొత్త సంవత్సరానికి కర్మాగారాలు వారాల తరబడి మూతపడతాయి. లాడ్జి పదవీ స్వీకారాల వంటి తేదీ మారని అవసరాలకు ఆ వ్యవధి ముందే లెక్కలో ఉండాలి.

తనిఖీ

తనిఖీకి మూలం ఇరుపక్షాలూ సంతకం చేసి ముద్ర వేసిన మచ్చు. ఒకటి కొనుగోలుదారు దగ్గర, ఒకటి కర్మాగారంలో ఉంటుంది. తయారైన సరుకును ఐఎస్ఓ 2859-1 ప్రమాణం ప్రకారం మచ్చు తీసి చూస్తారు. 500 జతల సరుకులో సాధారణ స్థాయి తనిఖీకి 50 జతలు తీస్తారు. పెద్ద లోపాలకు ఆమోద నాణ్యతా పరిమితి (ఏక్యూఎల్) 2.5గా పెట్టుకుంటే 3 లోపాల వరకు అంగీకరిస్తారు, 4 దొరికితే సరుకు మొత్తాన్ని తిరస్కరిస్తారు. తప్పుగా ఉన్న చిహ్నానికి మాత్రం పరిమితి సున్నాగా రాసుకోవాలి. జతలో రెండు ముఖాలూ ఒకే దిక్కున నిలబడుతున్నాయా, పిడి నిలిపినచోట నిలుస్తోందా, ఎనామిల్‌లో బుడగలున్నాయా అన్నవి చేత్తో చూడవలసినవి.

నిబంధనలు, సుంకాలు

యూరోపియన్ యూనియన్ రసాయనాల చట్టం రీచ్ కఫ్‌లింకులను పేరు పెట్టి నగల జాబితాలో చేర్చింది. వాటిలో సీసం బరువులో 0.05 శాతం, కాడ్మియం 0.01 శాతం మించకూడదు. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి విడుదలయ్యే నికెల్‌కు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల పరిమితి ఉంది. అమెరికాలో 1930 నాటి టారిఫ్ చట్టం కింద దిగుమతి వస్తువుపై తయారైన దేశం పేరు ఉండాలి.

ప్రపంచ కస్టమ్స్ వర్గీకరణలో మూల లోహాల కఫ్‌లింకులకు 7117.11 సంఖ్య కేటాయించారు. భారతదేశంలోకి తెప్పించాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే దిగుమతి, ఎగుమతి కోడ్ అవసరం. విలువ తక్కువ చూపి అనుకరణ నగలు తెస్తున్నారన్న కారణంతో 2022 బడ్జెట్ వీటిపై కిలోకు కనీసం 400 రూపాయల సుంకం పడేలా చేసింది; తర్వాత ఆ రేటు మారింది. బరువు మీద వేసే సుంకం చౌక సరుకుపై ఎక్కువగా పడుతుంది. ఆర్డరు పెట్టే ముందే అప్పటి రేటును కస్టమ్స్ బ్రోకరుతో సరిచూసుకోవాలి.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఏర్పడింది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల కాలపు గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్ల సమావేశ మందిరంగా ఉంది. రోటరీ, లయన్స్ క్లబ్బులు రెండు తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో విస్తరించాయి. ఒక్కో శాఖకు కావలసిన జతలు కర్మాగారాల కనిష్ఠ ఆర్డరుకు చాలవు. అలాంటప్పుడు కొన్ని శాఖలు కలిసి ఒకే అచ్చుతో ఆర్డరు పెట్టి, శాఖ పేరును మాత్రం లేజర్‌తో విడిగా చెక్కించుకుంటే అచ్చు ఖర్చు పంచుకోవచ్చు. పరిమాణం మరీ చిన్నదైతే మొరాదాబాద్ ఇత్తడి తయారీదారులను విచారించడం మేలు. సుంకం, ఓడ కిరాయి ఉండవు, మచ్చు సరిదిద్దించుకోవడానికి వ్యవధీ తక్కువ పడుతుంది. ఎక్కడ చేయించినా చిహ్నం గీతను ధ్రువీకరించే బాధ్యత మాత్రం కొనుగోలు చేసే సంఘానిదే.