ప్రశ్నకు చోటిచ్చిన బడులు

తరగతిలో ప్రశ్న వేసినప్పుడు చేయి ఎత్తని విద్యార్థికి సమాధానము తెలియదని మనము తలచుచుందుము. చాలసార్లు అది నిజము కాదు. వానికి సగము తెలియును. మిగిలిన సగము తప్పిపోవునేమోయని ఊరకుండును. తప్పు చెప్పినచో తోటివారు నవ్వుదురు, మార్కులు పోవును, ఇంటికి కబురు వెళ్ళును. పాకుచున్న పసివాడు పడుదునని తెలిసియే లేచి నిలుచుండుటకు ప్రయత్నించును. అదే బిడ్డ పదేండ్లకు తరగతి గదిలో నోరు విప్పుటకు జంకుచున్నాడనగా నడుమ ఏదియో జరిగినదన్నమాట. బందరు, గుడివాడ, దివిసీమల విద్యాచరిత్రలో ఈ విషయమునకు సంబంధించిన ఘట్టములు కొన్ని కలవు. అవి ఉపాధ్యాయులకు పనికివచ్చునని తోచినది.

బందరులో ఆంగ్లవిద్యకు పునాది వేసినవారిలో రాబర్టు నోబిల్ అను మిషనరీ ముఖ్యుడు. కేంబ్రిడ్జిలో చదివి, 1841లో ఇక్కడకు వచ్చి, 1843లో పాఠశాల తెరచెను. తరువాత అది ఆయన పేరనే కళాశాలగా పెరిగినది. 1852లో ఆ బడి విద్యార్థులిద్దరు క్రైస్తవమతము స్వీకరించగా ఊరు కలవరపడినది. తలిదండ్రులు పిల్లలను మాన్పించినారు. నిండుగానున్న బడి ఖాళీ అయినది. మతము మార్చుకొనుట మంచిదా చెడ్డదా అను చర్చ ఈ వ్యాసమునకు అక్కరలేదు. గమనింపవలసినది వేరొకటి. కొత్త ఆలోచన వలన బిడ్డ ఇంటికి దూరమగునన్న భయము ఊరిలో పాకినచో, ఎంతటి పండితుడు బోధించినను బల్లలు ఖాళీగానే ఉండును. ఉపాధ్యాయుడు తాను చేరదలచిన గమ్యమునకే విద్యార్థిని నడిపించుచున్నాడని ఇంటివారు అనుమానించినప్పుడు, ఆ విద్యార్థి వేయు ప్రశ్న కూడ వారికి ప్రమాదముగానే కనబడును.

ఇదే బందరులో హిందూ హైస్కూలున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తెలుగు బోధించిరి. తిరుపతి వేంకటకవులలో ఒకరైన ఈయన ఊరూర అవధానములు చేసిన మనిషి. అవధానమన నేమో మన విద్యార్థులకు తెలియును గాని, దానిని విజ్ఞానదృష్టితో చూచినవారు తక్కువ. అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు పొంతనలేని పద్యపాదమునిచ్చి సమస్యను పూరింపుమందురు. ఒకరు నాలుగు మాటలిచ్చి అవి నాలుగు పాదములలో ఇమిడిపోవలెనందురు. నిషేధాక్షరి చేయించువారు అవధాని తరువాత ఏ అక్షరము వేయునో ఊహించి ముందుగానే దానిని కాదందురు. ఈ సందడిలో మరియొకరు వంకాయకూర సంగతి ఎత్తి ధ్యాస మరలింతురు. సమాధానము ముందుగా ఎవరికిని తెలియదు, అడిగినవారికి సైతము తెలియదు. అవధాని సభాముఖమున, అందరి యెదుట, తెలియనిదానిలోనికి అడుగు వేయవలెను. ఇంతకు మించిన సాహసమును ఏ ప్రయోగశాల కోరును?

అటువంటి సభలలో రాటుతేలిన గురువు, శిష్యుడు వ్రాసిన పద్యములో గణము తప్పినదని నవ్వునా? ఆ తరగతుల ఫలితము అందరును ఎరిగినదే. నందమూరునుండి వచ్చి ఆయనకు శిష్యుడైన విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగునకు మొదటి జ్ఞానపీఠ పురస్కారము తెచ్చిరి. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లును ఆ గురువు శిష్యులే. ఒక్క హైస్కూలు నుండి ఇందరు వచ్చుట కేవలము అదృష్టమని నేననుకొనను. తాను ప్రయత్నించి చూపినవాని యెదుట పిల్లలును ప్రయత్నింతురు.

1907 ఏప్రిలులో బిపిన్‌చంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించి ఉపన్యసించిన తరువాత వ్యవహారము ముదిరినది. ఆయనను తీసికొనివచ్చినవారు బందరు కృష్ణాపత్రిక సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారు. రాజమండ్రిలో ‘వందేమాతరము’ అన్నందుకు ప్రభుత్వ కళాశాల విద్యార్థులపై వేటు పడినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి చదువే గాక సర్కారు కొలువు కూడ లేకుండ చేసిరి. ఇట్టి కాలమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు పూనుకొని 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాల నెలకొల్పిరి. సర్కారు సహాయము పుచ్చుకొనలేదు. పుస్తకవిద్యతోపాటు చేతిపనులు, యంత్రవిద్య నేర్పిరి. ఇక్కడ చదివినవానికి భయపడవలసిన సర్కారు పరీక్ష లేదు.

అయితే ఒక చిక్కు కలదు; దానిని దాచినచో చరిత్ర కాదు. ఈ కళాశాల పట్టమునకు సర్కారు గుర్తింపు లేదు. పరీక్షభయము పోయి దాని స్థానమున కూటిభయము వచ్చినది. తరగతిలో ఎంత స్వేచ్ఛ యిచ్చినను, బయటకు వచ్చిన పిల్లవానికి ఉద్యోగపు తలుపు మూసియుండెను. ఆ భారమును హనుమంతరావుగారు 1922లో తాము మరణించువరకు మోసిరి. బడి గోడలలోపల మాత్రమే అభయమిచ్చినచో చాలునా అను ప్రశ్న ఇప్పటికిని తీరలేదు.

ఆ కళాశాల ఉపాధ్యాయులలో పింగళి వెంకయ్యగారు ఒకరు. బందరుకు సమీపముననున్న భట్లపెనుమర్రున పుట్టినవారు. అంతకుముందు మునగాల సంస్థానమున ప్రత్తిపై పరిశోధనలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకొనిరి. భారతదేశమునకు జాతీయపతాకము ఎట్లుండవలెనని 1916లో ఇంచుమించు 30 నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకము ప్రకటించిరి. ఆ నమూనాలలో ఏదియు వెంటనే అంగీకరింపబడలేదు. ఐదేండ్లు గడచినవి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమప్పుడు గాంధీగారు ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముండు జెండా గీయుమని అడుగగా, ఆయన మూడు గంటలలో గీసియిచ్చిరి. రాట్నపు ఊహ జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌గారిది. అయినను సమావేశమునకు వేళ మించిపోయినది! గాంధీగారు ఆ నెలలోనే యంగ్ ఇండియా పత్రికలో ఈ సంగతి వ్రాయుచు, ఆలస్యమగుటయే మేలైనదనిరి. ఆ వ్యవధిలో ఆలోచింపగా తక్కిన మతములవారికి గుర్తుగా తెలుపు రంగు కూడ ఉండవలెనని తోచినదట. మూడు రంగులు అట్లు కుదిరినవి. మన తరగతిలో ఆలస్యముగా వచ్చిన లెక్కకు సున్న వేయుదుము.

ఇక భౌతికశాస్త్రము. కృష్ణాజిల్లాలో పుట్టి గుడివాడలో బడిచదువు చదివిన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తాలో చంద్రశేఖర వేంకటరామన్‌గారి వద్ద చేరిరి. రామన్ ఫలితము కనుగొనబడినది ఆ ఏడు ఫిబ్రవరి 28వ తేదీననే. భగవంతముగారికి అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. పాఠ్యపుస్తకములకు ఇంకను ఎక్కని విషయముపై పనిచేయుటకు ఇరువదేండ్లవాడిని దింపుట గురువు చేసిన సాహసము. దిగుట శిష్యుడు చేసినది. తరువాత వాల్తేరున ఆంధ్రవిశ్వవిద్యాలయములో ఆచార్యులుగానుండి, గణితజ్ఞులైన వేంకటరాయుడుగారితో కలిసి, గణితములోని సమూహసిద్ధాంతమును స్ఫటికములకు అన్వయించిరి. స్ఫటికములో పరమాణువులు ఒక క్రమములో మరల మరల వచ్చును. ఆ క్రమముయొక్క సౌష్ఠవము తెలిసినచో, దానిపై పడిన వెలుతురు చెదరినప్పుడు వర్ణపటమున ఎన్ని కొత్త రేఖలు రావచ్చునో ముందుగానే లెక్కింపవచ్చును. వజ్రమునకు లెక్కవేయగా ఒక్కటే ప్రధానరేఖ రావలెను. ప్రయోగమునను అట్లే వచ్చును. భౌతికశాస్త్రజ్ఞుడు తనకు రాని గణితమును పక్కగదివానిని అడుగుటకు సిగ్గుపడలేదు. 1948లో వారిరువురు కలిసి ప్రకటించిన గ్రంథము ఆ సిగ్గు లేనితనము ఫలమే.

దివిసీమకు వత్తము. కృష్ణ రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న ఈ నేలలో ఉప్పునీరు ప్రతి ఇంటి సమస్య. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న మరల సముద్రము దివిసీమ పొలములపైకి పొర్లి వేలాదిమంది మరణించిరి. మా ఊరి బావి ఏల ఉప్పగానున్నది అని ఇక్కడి పిల్లవాడు అడిగినచో, ఆ ప్రశ్నకు పుస్తకమున సమాధానము ఉండదు. దానిని పిల్లలే వెదకవచ్చును.

పిల్లలు మొదట తేలుడు సాధనము చేయుదుమందురు. పరీక్షనాళికలో ఇసుక పోసి నిలువుగా తేలునట్లు చేసి, ఉప్పునీటిలో ఎంత పైకి లేచునో చూచుట. చేయనిండు. నాళిక 10 సెంటీమీటర్లు మునిగినచో, మంచినీటికంటె సముద్రపునీటిలో రెండు మిల్లీమీటర్లకు పైగా లేచును. అది కంటికి ఆనును. కాని లీటరుకు రెండు గ్రాముల ఉప్పున్న బావినీటిలో వెంట్రుకవాసి తేడా మాత్రమే వచ్చును, కంటికి ఆనదు. నాలుక పట్టిన ఉప్పును నాళిక పట్టలేదేమని వారే అడుగుదురు. ఉపాధ్యాయుడు ముందుగానే ఇది పనికిరాదని చెప్పియున్నచో ఈ ప్రశ్న పుట్టెడిది కాదు.

అప్పుడు లీటరు నీటిని మరిగించి ఇగిర్చి, గిన్నెను ముందు వెనుకల తూచవలెను. చివరి కొద్ది నీరు చిటపటలాడి ముఖముపైకి చిందును గనుక, ఆ దశలో గిన్నెను మంటపైగాక మరుగునీటి ఆవిరిపై నుంచవలెను. ఈ జాగ్రత్త ఉపాధ్యాయునిదే. మిగిలిన తెల్లని పొడి అంతయు ఉప్పు కాదు, సున్నపు లవణములును ఉండును. విడిగా ఉంచుకొన్న బావినీటిలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేసినచో క్లోరైడులున్నట్లు తెల్లని మబ్బు కట్టును. వ్రేళ్ళకంటినచో మచ్చ పడును. ఒకే బావినీటిని రెండు జట్లకు విడివిడిగా ఇచ్చుట మంచిది. అంకెలు చాలసార్లు కలియవు. ఏ జట్టుది తప్పో ఉపాధ్యాయుడు చెప్పకుండ, రెండు జట్ల పుస్తకములను బల్లపై ప్రక్కప్రక్కనుంచి, త్రాసును మరల వారి చేతికే ఇయ్యవలెను.