ఆర్థర్ కాటన్: సింగరాయకొండ మెరక మీంచి

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (15 మే 1803 – 24 జులై 1899) మద్రాసు సైన్యంలో ఇంజినీరు, మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్న అధికారి, గోదావరి ఆనకట్ట నిర్మాత. గోదావరి జిల్లాల్లో ఆయన కాటన్ దొర, అపర భగీరథుడు. స్నానఘట్టాల్లో ఆయన పేరిట తర్పణాలు వదిలేవారున్నారు, ఆయన్ను స్మరించే సంస్కృత శ్లోకమూ ఉంది. ఈ కృతజ్ఞత న్యాయమైనదే. కానీ నీళ్లు అందినచోట నిలబడి కాటన్‌ను చూస్తే ఆయన సగమే కనిపిస్తాడు. ఆనకట్ట ఆయన వాదంలో ఒక భాగం మాత్రమే. పంటకు నీళ్లు, సరుకుకు పడవదారి, కరువుకు రక్షణ ఒకే కాలవలో కుదరాలన్నది ఆయన పూర్తి వాదం. దాన్ని పరీక్షించాలంటే కృష్ణా డెల్టా కాలవలు ఆగిపోయిన దక్షిణపు మెరక భూములు కావాలి. ప్రకాశం జిల్లా సింగరాయకొండ అలాంటి చోటు. కాటన్ కాలంలో నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లా (నేటి ప్రకాశం)లోకి వచ్చింది.

ఆయన హెన్రీ కాల్వ్‌లీ కాటన్ పదో కొడుకు. పదహారేళ్ల వయసుకే సైనిక ఇంజినీర్లలో చేరి 1821లో మద్రాసు వచ్చాడు, 1824–26 మధ్య బర్మాలో యుద్ధం చేశాడు. అప్పట్లో చెరువులైనా రోడ్లైనా సైన్యపు ఇంజినీర్ల చేతిలోనే ఉండేవి కనుక కోటల మీదికి దండెత్తినవాడే నదుల మీదికి రావడం వింతేమీ కాదు. జబ్బు చేసి సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లాడాడు. కుటుంబవత్సలుడిగా ఆయనకున్న పేరు చాలావరకు కూతురు లేడీ హోప్ 1900లో వెలువరించిన జీవితచరిత్ర నుంచి వచ్చింది. దాన్ని కొంత జాగ్రత్తగానే చదవాలి. చివరి రోజుల్లో డార్విన్ మతం వైపు తిరిగాడని 1915లో ప్రచారంలోకి వచ్చిన కథ ఈమెదే, డార్విన్ పిల్లలు దాన్ని ఖండించారు. భక్తిలో కాస్త ఎక్కువ చెప్పే మనిషి అనుకోవచ్చు. అయినా ఆ పుస్తకంలో ఇంటి ముచ్చట్ల పక్కనే, 1876–78 కరువును దగ్గరగా చూసిన విలియం డిగ్బీ రాసిన కరువు నివారణ వ్యాసాలను చేర్చింది. తండ్రి మీద ప్రేమను ఆయన వాదాన్ని కొనసాగించడంగా చూపిన కూతురు ఆమె, పొగడ్తల కన్నా అది గట్టి సాక్ష్యం.

ఆ వాదానికి పునాది కరువు. 1832–33 నాటి నందన కరువు, జనం నోట డొక్కల కరువు, గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. గోదావరి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు, 1841కి 5.61 లక్షలు. పక్కన జీవనది పారుతుండగా జనం తరిగిపోవడం ఆయనకు ప్రకృతి దోషంగా కాక పాలన దోషంగా కనిపించింది. దాన్ని సరిదిద్దడానికి, కావేరి పాయ కొల్లిడం మీద 1836లో ఆనకట్ట కట్టినప్పటి అనుభవం ఆయనకు ఉంది. ఇసుకలో పునాది నిలిపే విద్యను చోళుల నాటి కల్లణై ఆనకట్ట నుంచి నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. ధవళేశ్వరంలో 1847లో మొదలైన పని 1852లో ముగిసింది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు ఖండాలు. నడుమ ఆరోగ్యం చెడి ఆయన సెలవులో వెళితే కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. కూలీలను కూడగట్టడంలో ఓవర్సీరు వీణెం వీరన్న తోడు నిలిచాడు. విగ్రహాలు ఎక్కువగా కాటన్‌వే కావడం మన స్మరణలోని లోటు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టనూ కాటన్ ఆలోచన మేరకు 1852–55 మధ్య ఆర్ కట్టించాడు. ఆ పడమటి కాలవల్లోనిదే కొమ్మమూరు కాలవ, పెదగంజాం దాకా వచ్చింది. పంటనీరు అక్కడితో సరి.

పడవదారి మాత్రం అక్కడ ఆగలేదు. పెదగంజాం నుంచి తీరం వెంట మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలవ సింగరాయకొండ తూర్పు తీరం మీదుగా సాగుతుంది. ఇది కాటన్ తవ్వించింది కాదు. 1806 నుంచి ముక్కలుముక్కలుగా పెరిగింది, 1877–78 కరువు పనుల్లో మద్రాసు నగరంలోని లింకు తవ్వారు, గవర్నరు పేరు పెట్టారు. కానీ గోదావరి నుంచి మద్రాసు దాకా ఉప్పు, కట్టెలు, ధాన్యం నీటి మీద సాగడమంటే కాటన్ కోరిందే. అదే సమయంలో, 1878లో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు రైళ్ల కన్నా కాలవలు మేలని ఆయన వాదించాడు. ప్రభుత్వం రైలు వైపే నిలిచింది. విజయవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో, ఆయన పోయిన ఏడే, పూర్తయింది. సింగరాయకొండ స్టేషను దాని మీదే ఉంది. పడవ సరుకు క్రమంగా రైలుకూ తర్వాత లారీకీ మారింది. ఈ నేల మీద ఆయన రవాణా వాదం ఓడిందని చెప్పక తప్పదు.

ఆయన నీళ్లివ్వని ఊరి నుంచి ఆయన్ను తూచడం అన్యాయం కదా అనవచ్చు. అన్యాయం కాదు. ఆయన డెల్టాలకే పరిమితమైన మనిషి కాడు, దేశమంతటికీ ప్రణాళిక గీసినవాడు. ఆయన ప్రోత్సాహంతో ఒక ప్రైవేటు కంపెనీ 1863లో చేపట్టిన కర్నూలు–కడప కాలవ లాభం తేలేక నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. డెల్టాలో పల్లపు నేల నీటిని దానంతటదే లాక్కుంది. మెరకలో ఆ సాయం లేదు, రైతు అలవాటు పడ్డ మెట్టపంటలను విడిచి నీటి తీరువా కట్టడానికి తొందరపడలేదు. డెల్టా లెక్కను మెరకకు అంటగట్టడం కాటన్ చేసిన పొరపాటు. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: ఇదంతా ఈస్టిండియా కంపెనీ శిస్తు కోసమే కదా? కావచ్చు. లాభం చూపించందే లండన్ పైసా విదిల్చదని తెలిసి ఆయన లాభం లెక్కలే ముందు పెట్టాడు. కానీ యజమాని దురాశ కాలవలో నీటి గుణాన్ని మార్చదు. శిస్తే ధ్యేయమైతే రైళ్లకు డబ్బు పోసి కాలవలను ఎండగడుతున్నారని సొంత ప్రభుత్వాన్ని 75 ఏళ్ల వయసులో నిలదీయాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆయన కోరిన నీరు ప్రకాశం జిల్లా పడమటి మెట్టకు మరో దారిన వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలవకు నీళ్లు వదిలారు. బెజవాడ పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని చోట 1957కు పూర్తయిన బ్యారేజీకి ఈ జిల్లావాడైన టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు.