చుక్క పోతే అర్థం సగమే: లైనక్స్ తెర వెనక నలభై ఏళ్ల కథ



మన సంఘం గదిలో ఉన్న నాలుగు కంప్యూటర్లను పాత సామాను కొట్టుకు వేసేద్దామని పోయిన మీటింగులో ఒక మాట వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఈ పాత మిషన్లు విండోస్ 11కి పనికిరావు. అందుకని వాటిలో లైనక్స్ మింట్ వేశాం. మిషన్లు బాగానే నడిచాయి గానీ, అక్షరాలు అడ్డంగా సాగిపోయి, మసకబారి కనిపించాయి. తెరలు చెడిపోయాయని అందరూ తేల్చేశారు. తెరలు చెడిపోలేదు. ఏం జరిగిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు, ఇది మనకు ఎందుకు ముఖ్యమో చెప్తాం. మన పిల్లలు బడిలో చదివేది తమిళం. ఆ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆదివారం క్లాసులో ఈ నాలుగూ వేరువేరని నేర్పడానికే మనకు నెలలు పడుతుంది. ఇప్పుడు 'అర్థం', 'అర్ధం' పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ తేడా లోపలి చుక్క ఒక్కటే. చుక్క ఉంటే భావం, లేకపోతే సగం. 'ర'కూ 'ఠ'కూ మధ్య తేడా కూడా ఆ చుక్కే. వీటికి తోడు కింద వత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు అక్షరం కొంచెం మసకగా ఉన్నా చదివేయొచ్చు. తెలుగులో ఆ చుక్క కలిసిపోతే పిల్లవాడు ఏ అక్షరం నేర్చుకుంటాడు? కాబట్టి తెర సరిగ్గా ఉండడం మనకు సోకు కాదు, అవసరం.

తమిళంలో దీన్ని తెళివుత్తిరన్ అంటారు. మనం రిజల్యూషన్ అనే అందాం. తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్న లెక్క అది. 1987లో ఐబీఎం వాళ్లు తెచ్చిన వీజీఏలో అది అడ్డం 640, నిలువు 480. అదే ఏడాది అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి ఎక్స్11 వచ్చింది. యూనిక్స్ మిషన్ల తెర మీద కిటికీలు, బొమ్మలు గీసే వ్యవస్థ అది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లైనక్స్ మొదలుపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఎక్స్‌ను మామూలు పీసీలకు తెచ్చే ఎక్స్‌ఫ్రీ86 అనే ఉచిత ప్రాజెక్టు పుట్టింది.

ఆ కాలంలో తెర అంటే గాజు గొట్టం, మన పాత టీవీ లాగే. వెనక నుంచి ఒక కిరణం ఎడమ నుంచి కుడికి గీత గీసి, మళ్లీ ఎడమకు వచ్చి, కింది గీత గీస్తుంది. అడుగుకు చేరాక పైకి పోవాలి. వెనక్కి రావడానికీ టైము కావాలి కదా? అందుకే 640 చుక్కల గీతకు 800 చుక్కల టైము ఇస్తారు, 480 గీతలకు 525 గీతల టైము ఇస్తారు. 800ను 525తో గుణిస్తే 4,20,000. సెకనుకు సుమారు 60 సార్లు గీయాలి గనుక దాదాపు 2 కోట్ల 52 లక్షలు. ఆ లెక్క ప్రకారమే వీజీఏ గడియారం 25.175 మెగాహెర్ట్జ్.

ఈ అంకెలన్నీ ఒక వరుసలో రాస్తే దానికి మోడ్‌లైన్ అని పేరు. రైల్వే టైంటేబుల్ లాంటిదే: ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు తిరిగి రావాలి. 1990లలో లైనక్స్ వేసుకున్నవాళ్లు మానిటర్ పుస్తకం ముందు పెట్టుకుని ఈ అంకెలు చేత్తో రాసేవాళ్లు. తప్పు అంకెలిస్తే కొన్ని పాత మానిటర్లు కీచుమని అరిచేవి, కొన్ని కాలిపోయే ప్రమాదం కూడా ఉండేది. ఎరిక్ రేమండ్ రాసిన వీడియో టైమింగ్స్ గైడు ఆ రోజుల్లో చాలామందికి దారి చూపింది.

1994లో వీసా అనే ప్రమాణాల సంస్థ దీనికి ఒక ఉపాయం తెచ్చింది. ఇది పాస్‌పోర్టు మీద ముద్ర వేసే వీసా కాదు, వీడియో తెరలకు నియమాలు రాసే సంస్థ. మన పెద్దవాళ్లు కొత్తవాళ్లు కలిస్తే మొదట ఇంటిపేరు, ఊరు అడుగుతారు కదా? అలాగే మానిటర్ తానే తన ప్రవర చెప్పుకోవాలని నియమం పెట్టారు. దాని పేరు ఈడిఐడి. మొత్తం 128 బైట్లు. తయారు చేసినవాళ్లకు మూడక్షరాల గుర్తు, మోడల్, ఏ వారం ఏ ఏడు తయారైంది, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ ఏ రిజల్యూషన్లు పడతాయి, అన్నీ అందులో ఉంటాయి. చివరి బైటు సరిచూసే లెక్క. 128 బైట్లూ కూడితే 256తో నిశ్శేషంగా భాగం పోవాలి. పోకపోతే ఆ ప్రవరను నమ్మకూడదు.

తర్వాతి మార్పులు వరసగా చెప్పేస్తాం. 2004లో లైసెన్సు గొడవ వచ్చి చాలామంది ఎక్స్‌ఫ్రీ86ను వదిలి ఎక్స్.ఆర్గ్‌కు మారారు. 2007లో రాండర్ 1.2 వచ్చింది. కంప్యూటర్ ఆపకుండానే తెర కొలత మార్చడం, రెండో తెర తగిలించడం సులువైంది. 2009 మార్చిలో వచ్చిన లైనక్స్ కెర్నల్ 2.6.29తో తెరను అమర్చే పని ముందుగా ఇంటెల్ చిప్పులకు కెర్నల్ చేతికి వచ్చింది, మిగతావి తర్వాత వచ్చాయి. చేత్తో అంకెలు రాసే కాలం అక్కడితో దాదాపు ముగిసింది.

మరి మన గదిలో ఏం జరిగింది? ప్రవర చెప్పే తీగ తెగింది, అంతే. నీలం రంగు మూతి ఉన్న వీజీఏ కేబుల్లో 12వ, 15వ పిన్నులు ఈ ప్రవర కోసమే. కొన్ని చవక కేబుళ్లలో ఆ తీగలే ఉండవు. పొడుగు చేయడానికి మధ్యలో అతుకు వేస్తే అక్కడా పోవచ్చు. అప్పుడు కంప్యూటర్‌కు ఎదుట ఉన్నది ఎవరో తెలియదు. ఎవరికైనా సరిపోతుందిలే అని 1024, 768 పెట్టుకుంటుంది. వెడల్పు తెర మీద ఆ బొమ్మను లాగి పరిస్తే అక్షరం సాగుతుంది, చుక్క మసకబారుతుంది.

బాగుచేసే వరస ఇది.

మొదట కేబుల్ మార్చండి. అతుకు తీసేసి నేరుగా తగిలించండి. మా నాలుగింటిలో రెండు దీంతోనే బాగయ్యాయి.

తర్వాత మింట్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరిచి, మానిటర్ అసలు కొలత జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే అదే ఎంచుకోండి. అసలు కొలత తప్ప వేరేది ఏది పెట్టినా మసకే.

జాబితాలో లేకపోతే టెర్మినల్ తెరవండి. సీవీటీ అనే ఆదేశానికి 1920, 1080 ఇస్తే మోడ్‌లైన్ తానే లెక్కకట్టి ఇస్తుంది. 173.00తో మొదలయ్యే వరస వస్తుంది. ఎక్స్‌రాండర్ ఆదేశంతో ఆ వరసను కొత్త మోడ్‌గా చేర్చి, మానిటర్ తగిలించిన పోర్టుకు జతచేసి, ఎంచుకోవాలి. మొత్తం మూడు మెట్లు. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. కంప్యూటర్ ఆపితే ఇది పోతుంది గనుక, స్టార్టప్ అప్లికేషన్స్‌లో రాసి పెట్టాలి. మిగిలిన రెండూ ఇలా సరిపోయాయి. వేలాండ్ అనే కొత్త పద్ధతిలో నడిచే డెస్క్‌టాపుల్లో మాత్రం ఎక్స్‌రాండర్‌తో ఈ పని కాదు.

ఒక చిక్కు చెప్పాలి. 1366, 768 తెరలకు సీవీటీ 1368 ఇస్తుంది. ఆ లెక్క 8 చొప్పున నడుస్తుంది, 1366లో శేషం 6 మిగులుతుంది. కొంచెం మసక మిగిలితే మానిటర్ మీది ఆటో బటన్ నొక్కి చూడండి. అసలు మందు మాత్రం మంచి కేబులే.

ఇప్పుడు నాలుగు తెరల మీదా 'థ' లోపలి చుక్క చక్కగా కనబడుతోంది. కొత్త మానిటర్లకని పక్కన పెట్టిన డబ్బును తెలుగు వాచకాలకు, నాలుగు మంచి కేబుళ్లకు వాడుకోవచ్చని మా అభిప్రాయం. వచ్చే మీటింగులో పెద్దలు ఆలోచించండి. మీ ఇళ్లలో మసక తెర అని మూలన పెట్టిన మానిటర్లుంటే పారేయకండి. ఆదివారం క్లాసుకు తెచ్చివ్వండి, ముందు కేబుల్ మార్చి చూద్దాం.