కాలువ గట్టు నుంచి కొండ సంత దాకా

అరకు జనం పెద్దాసుపత్రికైనా, పెద్ద చదువుకైనా దిగి వెళ్లే పట్నం విశాఖ. ఆంధ్రదేశంలో తొలి పౌర గ్రంథాలయంగా చెప్పుకునే సరస్వతీ నిలయం 1886లో అక్కడే వెలిసింది. ఘాట్ రోడ్డు మీద నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. పుస్తకం ఆ దూరం ఎక్కిరావడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల వాళ్లంతా సభ చేసి సంఘం కట్టారు. దాని వెనక తిరిగిన కాళ్లు అయ్యంకి వెంకటరమణయ్యవి. పుస్తకాన్ని ఊరి దాకా తేవాలన్న పట్టుదల అక్కణ్నుంచి పాకింది. 1935లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా కృష్ణా కాలువలో పుస్తకాల పడవ సాగేది. దారిలో ఊళ్ల దగ్గర ఆగేది, చదివినవి తీసుకుని కొత్తవి ఇచ్చేది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు, ఉన్న కాలువనే దారి చేసుకున్నారు. మన గ్రంథాలయ సాంకేతికతలో ఇంతకు మించిన ఆలోచన నాకు కనబడదు.

తర్వాత చట్టాలొచ్చాయి: 1948లో మద్రాసుది, 1960లో ఆంధ్రప్రదేశ్‌ది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరే ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాలు నడుస్తాయి. పట్నంలో మేడ కట్టుకున్నాయన ఇచ్చిన పైసలతో ఏజెన్సీ కుర్రాడు డీఎస్సీకి చదువుకోవచ్చు. ఈ ఏర్పాటంటే నాకు గౌరవం. శాఖా గ్రంథాలయంలో బాగా నలిగిన పుస్తకం ఒకటి తీసి వెనక అట్ట తిప్పండి. అతికించిన కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి తేదీ ముద్రలు. పన్ను ఎక్కడికి పోయిందో అక్కడ కనిపిస్తుంది.

కొండల్లో ఇంకో చిక్కుంది. ఇంట్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడే పిల్లకు తెలుగు పుస్తకం రెండో మెట్టు. మొదటి మెట్టు ఎవరు కట్టాలి? ఇదే తూర్పు కనుమల్లో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవరల కోసం పడ్డ శ్రమనూ అంతే గట్టిగా తలుచుకోవాలి. ఆయన బాటలో వచ్చే పుస్తకాలు, పెద్దల గొంతుల్లో రికార్డు చేసిన కథలు శాఖా గ్రంథాలయం జాబితాకెక్కాలి. సిగ్నల్ అందని ఊళ్ల కోసం ముందే ఫోన్లలోకి ఎక్కించి ఇవ్వాలి.

పడవకు కాలువ ఉంది, కొండకు సంత ఉంది. వారానికోసారి చుట్టుపక్కల గూడేలన్నీ అక్కడికే దిగుతాయి. పసుపు, చింతపండు అమ్ముకునే చోట ఒక బల్ల, రెండు పెట్టెల పుస్తకాలు, ఒక రిజిస్టరు పెడితే చాలు. గడువు రెండు సంతలు.