మన నెత్తిమీది గాలి

రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఎండల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక కాస్త నడుం వాల్చి పైకి చూస్తే కనిపించేది ఒక్కటే, గిరగిరా తిరిగే ఫాను. అది తిరుగుతున్నంతసేపూ ఎవరూ దాన్ని పట్టించుకోరు. కరెంటు పోయిందా, ఇంటిల్లిపాదీ దానికేసే చూస్తారు! మన ఇళ్ళల్లో ఇంత చాకిరీ చేసి ఇంత తక్కువ పేరు తెచ్చుకున్న వస్తువు మరొకటి లేదేమో. ఇల్లాలిని వస్తువుల్లో లెక్కవెయ్యకూడదు కనక ఆవిడ మాట తరవాత చూద్దాం.

గాలికీ చాకిరీకీ చుట్టరికం చాలా పాతది. దేవుడికి వింజామర వీచాలి, రాజుగారికీ వీచాలి. ఇంట్లో అయ్యగారు భోంచేస్తుంటే పక్కన కూచుని ఈగలు వాలకుండా అమ్మగారు తాటాకు విసనకర్రతో విసరాలి. వైశాఖమాసంలో విసనకర్ర దానమిస్తే పుణ్యమన్నారు. వట్టివేళ్ళ తడికలు కిటికీలకు కట్టి నీళ్ళు చల్లుకున్నారు. ఎన్ని చేసినా ఒక సంగతి మాత్రం మారలేదు. గాలి తగిలేది ఒకరికి, చెయ్యి నొప్పెట్టేది ఇంకొకరికి.

ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడింది ఇంగ్లీషు దొరల కాలంలోనే. పద్దెనిమిదో శతాబ్దం చివరికల్లా కలకత్తాలో దొరల ఇళ్ళల్లో పైకప్పుకు వేలాడే పంకాలు వచ్చాయి. పొడుగాటి కొయ్యచట్రం, దానికి బిగించిన గుడ్డ, అంచుకు కుచ్చులు. దానికి కట్టిన తాడు గోడలోని కన్నంలోంచి వసారాలోకి పోతుంది. తాడు రెండోకొస పంకావాలా చేతిలో ఉంటుంది. దొరవారు లోపల మంచం మీద, పంకావాలా బయట నేలమీద. గాలి పుట్టించే మనిషికి గాలి తగలదన్నమాట! పగలూ రాత్రీ వంతులవారీగా లాగాలి. చేతులు పడిపోతే వెల్లకిలా పడుకుని తాడు కాలివేలికి తగిలించుకుని కాలితో లాగేవాళ్ళు.

అర్ధరాత్రి ఆ మనిషికి కునుకు పట్టిందనుకోండి, పంకా ఆగుతుంది, చెమట పట్టి దొరగారికి మెలకువ వస్తుంది. తరవాత కథ తిట్లతో ఆగితే అదృష్టమే. బూటుకాలి తన్నులకు నౌకర్లు ప్రాణాలు వదిలిన కేసులు ఆనాటి కోర్టు రికార్డులకెక్కాయి. అలా పోయినవాళ్ళలో పంకా లాగేవాళ్ళూ ఉన్నారు. మలేరియావల్ల వాళ్ళకు ప్లీహం వాచి ఉందనీ, చిన్నదెబ్బకే పగిలిందనీ డాక్టర్లు చెప్పడం, కొద్దిపాటి జరిమానాతో దొరలు బయటపడడం మామూలైపోయింది. 1899 నుంచి 1905 దాకా వైస్రాయిగా ఉన్న కర్జన్‌కే ఇలాంటి తీర్పులు తలవంపులుగా తోచాయంటే ఇక చెప్పేదేముంది? హాయిగా పట్టిన ఒక నిద్ర వెనక ఇంకో మనిషి నిద్రలేమి ఎంత ఉందో ఊహించుకోండి.

ఈ తాడు తెగడానికి కారణమైన మోటారుకూ కుట్టుమిషనుకూ చుట్టరికం ఉందంటే మీకు సరదాగా ఉంటుంది. 1882లో అమెరికాలో స్కైలర్ స్కాట్స్ వీలర్ అనే ఇంజనీరు రెండు రెక్కల కరెంటు ఫాను తయారుచేశాడు. అది బల్లమీద పెట్టుకునేది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫిలిప్ డీల్ అనే జర్మనీదేశస్థుడు అమెరికా వలసపోయి సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేస్తున్నాడు. మిషను తొక్కడానికి కాలు కష్టపెట్టక్కర్లేకుండా కరెంటు మోటారు తయారుచేశాడు. ఆ మోటారుకే రెక్కలు తగిలించి పైకప్పుకు వేలాడదీశాడు. అదే మన సీలింగ్ ఫాను! 1887లో పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు, 1888లో, నికొలా టెస్లా ఇండక్షన్ మోటారుకు పేటెంటు పొందాడు. ఇప్పటికీ మామూలు ఫానుల్లో తిరుగుతున్నది ఆ మోటారు సంతతే.

మనదేశంలో 1899లో కలకత్తా ఎమామ్‌బాగ్ సందులో కరెంటు తయారుచేసే కేంద్రం మొదలైంది. దీపాల వెనకే ఫానులూ వచ్చాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం 1920లో వచ్చింది. అయినా తాడు పంకాలు ఒక్కసారిగా పోలేదు. ఇ.ఎమ్. ఫార్‌స్టర్ 1924లో అచ్చువేసిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలలో కోర్టు విచారణ జరుగుతుంటే, తనకేమీ పట్టనట్టు పంకా లాగుతూ కూర్చున్న మనిషి కనిపిస్తాడు. తరవాత ఫానులు మనదేశంలోనే తయారయ్యాయి. కుట్టుమిషన్లు చేసిన ఉషావాళ్ళే ఫానులూ చేశారు. డీల్‌గారి పాత చుట్టరికం అలా మన ఇళ్ళదాకా నడిచొచ్చింది!

చరిత్ర సరే, కొనేటప్పుడు ఏం చూడాలంటారా? ముందు గది కొలత చూడండి. పదడుగులు, పన్నెండడుగుల గదికి 1200 మిల్లీమీటర్లది, అంటే మన లెక్కలో 48 అంగుళాలది సరిపోతుంది. చిన్నగదికి 900 మిల్లీమీటర్లది చాలు. పొడుగాటి హాల్లో నడిమధ్య ఒక పెద్దది పెట్టేకంటే ఎడంగా రెండు పెట్టుకోవడం మేలు. ఫాను గదిని చల్లబరచదు, మన ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది, అంతే. అందుకే ఎవరూ లేని గదిలో తిరిగే ఫాను శుద్ధ దండగ. మామూలు ఫాను 70, 75 వాట్లు తాగితే, బి.ఎల్.డి.సి. రకం సుమారు 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫానుల మీద నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు. కొనేముందు రంగుకంటే ముందు ఆ నక్షత్రాలు లెక్కపెట్టండి.

వసారాలోకీ, డాబామీది పందిట్లోకీ లోపలి ఫాను పట్టుకెళ్ళి బిగించకండి. తేమకు బేరింగులు తుప్పు పడతాయి, లోపల తీగె చుట్టు పాడై షాకు కొట్టే ప్రమాదముంది. చెక్కరెక్కలు వానగాలికి ఉబ్బి వంగిపోతాయి. తేమకు తట్టుకునేదని కంపెనీ రాసిన రకమే కొనండి. జల్లు నేరుగా కొట్టేచోటికి తడిసినా ఫరవాలేదని రాసినదే పనికొస్తుంది. రేకుల షెడ్డయితే బరువు రేకుమీద కాదు, ఇనప దూలం మీద పడాలి.

ఇక బిగింపు. తిరిగే రెక్కలు నేలకు ఏడడుగుల పైన ఉండితీరాలి, ఎనిమిదీ తొమ్మిదీ అయితే మరీ మంచిది. పైకప్పుకూ రెక్కలకూ మధ్య అడుగైనా ఎడం లేకపోతే గాలి ఆడదు. మంచమెక్కి దోమతెర కట్టే మీ చెయ్యి ఎంత ఎత్తుకు పోతుందో కూడా చూసుకోండి. హుక్కు స్లాబులోని ఇనప చువ్వలకు పట్టి ఉండాలి. పాత ఇంట్లో దూలానికి తగిలిస్తే దూలం పుచ్చిందేమో ముందే చూపించండి. హుక్కుకు తగిలే రబ్బరు బుష్షు అరిగితే మార్పించాలి. బోల్టుకు నట్టు బిగించాక చిన్న స్ప్లిట్ పిన్ను దూర్చి కొసలు విడదీస్తారు. చూడ్డానికి జడపిన్నంత ఉంటుంది గాని, తిరిగి తిరిగి నట్టు ఊడిరాకుండా కాపాడేది అదే. అది పెట్టారా లేదా, పైకప్పు మూసేలోగా మీరే అడిగి చూసుకోండి. మెయిను ఆపించండి, ఎర్తు తీగె కలిపించండి. ఒక ఫాను రెక్క పోతే ఇంకో ఫాను రెక్క తగిలించకండి. మూడూ ఒకే తూకంలో లేకపోతే ఊగుతుంది. నెమ్మదిగా తిరుగుతుంటే మోటారు పోయిందని కంగారుపడకండి, చాలాసార్లు తప్పు కండెన్సరుదే. అది మార్చడం కొద్దిసేపటి పని.

అన్నీ అయ్యాక ఆవిడ మాటకు వద్దాం. హాల్లో ఫాను, పడగ్గదిలో ఫాను, పిల్లలు చదువుకునే చోట ఫాను. వంటింట్లోనో? ‘స్టవ్వు మంట ఆరిపోతుంది’ అంటారు. నిజమే, పొయ్యికి నెత్తిమీద వద్దు. కాని పొయ్యికి ఎడంగా, కూరలు తరిగేచోట గోడకొక చిన్న ఫాను, పైన వేడిని బయటికి తోసే ఫాను పెడితే మంటకేమీ నష్టం లేదు. ఇంట్లో ఎక్కువ వేడిలో ఎక్కువసేపు నిలబడే మనిషికి గాలి చివర రావడం పంకా తాడు రోజుల నాటి అలవాటే. తాడు పోయింది, అలవాటు ఇంకా వసారాలోనే కూచుని ఉంది.

ఈసారి ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని ‘ఎక్కడ బిగించమంటారమ్మా?’ అని అడిగితే, అయ్యగారి వాలుకుర్చీ వైపు చూపించే ముందు మీరు ఎక్కడ నిలబడతారో ఒకసారి ఆలోచించుకుని చెప్పండి.