కంఠత వాక్యం: గ్రంథం నుంచి వచనం దాకా

లేఖనాలను కంఠతా పట్టడం క్రైస్తవం కంటే పాత అలవాటు. కానీ ఒక్క వచనాన్ని ఎంచుకుని, అధ్యాయం, వచనం సంఖ్యలతో సహా అప్పజెప్పే పద్ధతి వయసు మాత్రం ఐదు వందల ఏళ్లకు మించదు. అంతకుముందు భక్తులు నోటికి నేర్చుకున్నవి చాలావరకు విడి వాక్యాలు కావు. కీర్తనలకు కీర్తనలు, పత్రికలకు పత్రికలు, ఒక్కోసారి గ్రంథాలకు గ్రంథాలు.

దీని మూలం యూదుల ఆచారంలో ఉంది. దేవుని ఆజ్ఞలు హృదయంలో ఉండాలనీ, ఇంట్లో కూర్చున్నా దారిన నడుస్తున్నా పడుకున్నా లేచినా వాటి గురించే మాట్లాడుతూ పిల్లలకు నేర్పాలనీ ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం చెబుతుంది. చేతిరాత చుట్టలు ఖరీదైనవి, అరుదైనవి. సామాన్యుడి ఇంటికి చేరేది నోటికి వచ్చినంత మేరకే. కొన్ని రచనల కూర్పు కూడా జ్ఞాపకానికి ఊతమిచ్చేలా ఉంటుంది. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి. హీబ్రూ అక్షరాలు 22. ఒక్కో అక్షరంతో వరుసగా ఎనిమిదేసి వచనాలు మొదలవుతాయి. అక్షరమాల వచ్చినవాడికి తరువాతి వచనం ఏ అక్షరంతో మొదలవుతుందో ముందే తెలుస్తుంది. అనువాదంలో ఈ సదుపాయం పోయింది. తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్ అన్న శీర్షికలుగా దాని ఆనవాలు మాత్రం మిగిలింది. అరణ్యంలో శోధన ఎదురైనప్పుడు యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోని మాటలేనని సువార్తలు చెబుతాయి. కంఠత వాక్యాన్ని ప్రోత్సహించే బోధకులు ఇప్పటికీ మొదట చూపే ఉదాహరణ అదే.

క్రైస్తవుల్లో ఈ అభ్యాసానికి కట్టుదిట్టమైన రూపం ఇచ్చినవి ఈజిప్టు మఠాలు. 4వ శతాబ్దిలో నైలు నది తీరాన మఠాలు నెలకొల్పిన పకోమియస్ పేరిట ఉన్న నియమావళి ప్రకారం, కొత్తగా చేరినవాడు ముందు ఇరవై కీర్తనలో, రెండు పత్రికలో నేర్చుకోవాలి. చదవడం రానివాడికి చదువు చెప్పేవారు. మఠంలో ఉన్నవారికి కనీసం కొత్త నిబంధన, కీర్తనల గ్రంథం నోటికి రావాలి. మఠవాసులు చాపలు, తాళ్లు అల్లుతూ వాటినే వల్లె వేసేవారు. అదే కాలపు సన్యాసి ఆంటొనీ జీవితచరిత్ర రాసిన అతనేసియస్, ఆయనకు జ్ఞాపకమే పుస్తకాల పని చేసిందన్నాడు. పాలస్తీనాలో హతసాక్షుల చరిత్ర రాసిన యూసీబియస్, యోహాను అనే ఈజిప్టు అంధుడు లేఖన గ్రంథాలను మొత్తంగా చూడకుండా చెప్పడాన్ని స్వయంగా విని విస్తుపోయాడు.

తరువాతి కాలంలో ఇది మఠాల గడప దాటి పదవికి అర్హతగా మారింది. బిషప్ కాబోయేవాడికి కీర్తనల గ్రంథం కంఠతా వచ్చి ఉండాలని 787 నాటి రెండవ నైసియా మహాసభ నియమం పెట్టింది. పశ్చిమాన 6వ శతాబ్దిలో బెనెడిక్ట్ రాసిన నియమావళి 150 కీర్తనలనూ వారానికొకసారి పాడి ముగించమంది. ఏళ్ల తరబడి అలా పాడితే, ప్రత్యేకంగా కూర్చుని నేర్చుకోకపోయినా, నోటికి వచ్చేస్తాయి. 12వ శతాబ్దిలో పారిస్‌లో బోధించిన హ్యూ అనే పండితుడు ఇంకో అడుగు వేశాడు. మనసులో ఒకటి నుంచి 150 వరకు సంఖ్యల వరుస ఊహించుకుని, ఒక్కో సంఖ్య దగ్గర ఒక్కో కీర్తన తొలి మాటలు నిలపమని విద్యార్థులకు చెప్పాడు. జ్ఞాపకంలో లేఖనాన్ని అంకెతో ముడిపెట్టిన ప్రయత్నమిది.

మఠాల బయట కంఠస్థాన్ని ప్రాణప్రదంగా పట్టుకున్నవారు వాల్డెన్సియన్లు. 12వ శతాబ్ది చివర లియాన్ నగర వర్తకుడు వాల్డెస్ అనుచరులుగా మొదలైన వీరిని చర్చి మతభ్రష్టులుగా వెలివేసింది. 13వ శతాబ్దిలో పస్సావు ప్రాంతానికి చెందిన ఒక చర్చి విచారణాధికారి, చదువురాని పల్లెటూరి మనిషి ఒకడు యోబు గ్రంథం మొత్తాన్ని మాట పొల్లుపోకుండా చెప్పాడనీ, కొత్త నిబంధన అంతా వచ్చినవారు చాలామంది ఉన్నారనీ రాశాడు. పుస్తకం దొరికితే తగలబెట్టే రోజుల్లో కంఠస్థం ఒక్కటే భద్రమైన ప్రతి. ఈ సంగతి మనకు వారి శత్రువు రాతలోంచే తెలియడం గమనించదగ్గది.

అసలు మలుపు అచ్చుయంత్రంతో వచ్చింది. నేటి అధ్యాయాల విభజన 13వ శతాబ్ది ఆరంభంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసిందంటారు. కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు పెట్టింది ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్; అవి ఆయన 1551లో జెనీవాలో అచ్చువేసిన గ్రీకు ప్రతిలో మొదటిసారి కనిపించాయి. 1560 నాటి జెనీవా ఇంగ్లీషు బైబిలు ప్రతి వచనాన్నీ కొత్త పంక్తిలో మొదలుపెట్టింది. దాంతో వచనం పేజీ మీద విడిగా నిలబడింది, దానికో చిరునామా ఏర్పడింది. ఇలా ముక్కలు చేయడం వల్ల జనం పౌలు వాదనను వదిలి విడి సూక్తులను ఏరుకుంటున్నారని తత్వవేత్త జాన్ లాక్ 18వ శతాబ్ది మొదట్లోనే విసుక్కున్నాడు. ఆ ఫిర్యాదు నేటికీ చెల్లుతుంది. యిర్మీయా 29:11 గోడల మీద, కార్డుల మీద విరివిగా కనిపిస్తుంది. అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన లేఖలోని మాట అని, వారు డెబ్బై ఏళ్లు ఆగాలని ఆ ముందు వచనమే చెబుతుందని తెలిసినవారు తక్కువ.

చిన్న ముక్క అయ్యాక వచనం పిల్లల చేతికి అందింది. ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో 1780లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడి ఉద్యమం 19వ శతాబ్దిలో అమెరికా అంతటా పాకింది. నేర్చిన వచనాలకు రంగు చీటీలు, చీటీలకు బహుమతులు ఇచ్చేవారు. మార్క్ ట్వైన్ 1876 నాటి నవలలో టామ్ సాయర్ అన్ని వచనాలు రాకుండానే చీటీలు కొని పోగేసి, రెండు వేల వచనాలు నేర్చినవారికి ఇచ్చే బైబిలును అందరి ముందూ అందుకుంటాడు. వెక్కిరింత ఘాటుగా ఉన్నా అందులోని లెక్క ఆనాటి బళ్ల ధోరణికి దగ్గరగానే ఉంది. ఎన్ని వచనాలు వచ్చాయన్న పందెం అర్థాన్ని మింగేస్తోందని బడుల నిర్వాహకులకూ తోచింది. 1872లో అమెరికాలో ఆమోదం పొందిన ఉమ్మడి పాఠ ప్రణాళిక వారానికో పాఠం, పాఠానికో చిన్న ముఖ్య వచనం చాలంది. నేటి సండే స్కూళ్లలోని వారపు కంఠత వాక్యానికి నమూనా ఇదే.

పెద్దల్లో దీన్ని క్రమశిక్షణగా మార్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన డాసన్ ట్రాట్‌మన్ (1906–1956). యువకుడిగా ఒక పోటీ కోసం నేర్చుకున్న వచనాలే తనను విశ్వాసంలోకి తెచ్చాయని ఆయన చెప్పేవాడు. కలప లారీ నడుపుతూ రోజుకో వచనం పట్టేవాడు. 1933లో నావికుల మధ్య మొదలైన ఆయన సంస్థ నావిగేటర్స్, జేబులో పట్టే కార్డుల మీద వచనాలు అచ్చువేసింది. తరువాత స్థిరపడిన వారి పద్ధతిలో 60 వచనాలు, ఐదు అంశాలు, అంశానికి పన్నెండు. వచనానికి ముందూ వెనుకా చిరునామా చెప్పాలి. నేర్చినదాన్ని వారాల పాటు రోజూ తిరగేయాలి. కొత్తది పట్టడం కంటే పాతది నిలబెట్టుకోవడం కష్టమని గుర్తించడంలోనే ఈ పద్ధతి బలమంతా ఉంది. 1950లో షికాగోలో మొదలైన అవానా క్లబ్బులు ఇదే పనిని చేతిపుస్తకాలు, ఆటలతో పిల్లలకు అలవాటు చేశాయి. పూర్తి అధ్యాయాలు, పత్రికలు నేర్పే పద్ధతులూ ఈమధ్య మళ్లీ ఆదరణ పొందుతున్నాయి. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలే ఉన్న ఫిలిప్పీ పత్రిక కొత్తవారికి అందుబాటులో ఉంటుంది.

తెలుగు నేల మీద ఈ అలవాటు అవసరంగానే మొదలైంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలా సంఘంలో చేరినవారిలో అత్యధికులు అక్షరం రానివారు. కాబట్టి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, కథలు, వాక్యాలు వినిపించి వల్లె వేయించడమే బోధ అయింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కూడా పల్లెల్లో పాటకు, కథకు పెద్దపీట వేశారు. నిజానికి తెలుగు క్రైస్తవుల నాలుక మీద లేఖనాన్ని వచనం కంటే ముందు నిలిపింది కీర్తన, అంటే పాటే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి పాటలు తరాల పాటు ఆ పని చేశాయి. ఇప్పుడు సండే స్కూళ్లు, వేసవి సెలవుల బైబిలు తరగతులు (వి.బి.ఎస్.), బైబిలు క్విజ్‌లు, కంఠత వాక్యాల పోటీలు ఈ అలవాటును నడిపిస్తున్నాయి. వాడుక భాషలో కొత్త అనువాదాలు వచ్చినా కంఠతకు ఎక్కువ సంఘాలు ఎంచుకునేది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదాన్నే. దాని గ్రాంథిక వాక్యం పిల్లలకు కొరుకుడు పడకపోయినా, ఇంట్లో పెద్దలకు వచ్చినవీ ఆరాధనలో వినబడేవీ ఆ మాటలే.